విషయం: రూల్ ఎక్కలేదు, టికెట్ మాత్రం మూసేశారు

కస్టమర్ సపోర్ట్ విభాగం అధికారులకు,

నమస్కారం. కోపంగా ఉన్నాను, దాన్ని దాచుకోకుండానే రాస్తున్నాను.

అసలు సమస్య క్లుప్తంగా చెప్తాను, వివరాలన్నీ టికెట్‌లో ఉన్నాయి. మీ కమాండ్ లైన్ టూల్‌తో డిటెక్షన్ రూల్స్ (దాడి జాడ కనపడితే అలర్ట్ ఇచ్చే నియమాలు) సర్వర్‌లోకి ఎక్కిస్తే టెర్మినల్‌లో సక్సెస్ అని వస్తుంది, ఎగ్జిట్ కోడ్ సున్నా, అంటే పని సరిగ్గా అయిందని వస్తుంది, రూల్స్‌ని ఆటోమేటిక్‌గా ఎక్కించే మా పైప్‌లైన్‌లో పచ్చ గుర్తు పడుతుంది. సర్వర్‌లోకి వెళ్లి చూస్తే కొన్ని రూల్స్ ఇంకా పాత వెర్షన్‌లోనే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ అన్నాక బగ్గులుంటాయి, అంతమాత్రానికి ఇంత ఉత్తరం రాసేదాన్ని కాదు.

మీ వాళ్లు నన్ను తిప్పిన తిప్పుడికి రాస్తున్నాను.

మొదట చాట్‌లో దొరికినాయన బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేయమన్నాడు. ఇది టెర్మినల్‌లో టైప్ చేసే కమాండండీ, ఇందులో బ్రౌజరే లేదు అంటే, "అయినా ఒకసారి ట్రై చేయండి మేడమ్" అన్నాడు. తర్వాత వచ్చినావిడ స్క్రీన్‌షాట్లు అడిగింది. ఆ తర్వాతాయన డీబగ్ లాగ్స్ కావాలన్నాడు. ఆ లాగ్స్‌లో మా మెషిన్ల పేర్లు, ఉద్యోగుల యూజర్ నేమ్‌లు ఉంటాయి, అవన్నీ చెరిపి, మా మేనేజర్ అనుమతి తీసుకుని పంపాను. మీ వాళ్లు తెరవలేదు, మీరే ఇచ్చిన అప్‌లోడ్ లింక్ గడువు అయిపోయింది, మళ్లీ పంపమన్నారు. మళ్లీ పంపితే ఇంకొకాయన వచ్చి మేం రూల్స్ రాసుకునే యామల్ ఫైల్‌లో స్పేసులు తప్పని తేల్చేశాడు. మీ టూల్‌లోని వ్యాలిడేట్ కమాండే ఆ ఫైల్ సరిగ్గా ఉందని చెప్పింది, ఆ అవుట్‌పుట్ ఆయన ముందే ఉంది, చదివితే కదా!

ఒక అమ్మాయి మాత్రం నిజం చెప్పింది. తెలుగమ్మాయి, విజయవాడట. "మేడమ్, మీ టికెట్‌లో నాకు చివరి నోట్ ఒక్కటే కనపడుతుంది, ముందు జరిగింది ఏమీ కనపడదు" అంది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకు అలాంటి స్క్రీన్ ఇచ్చిన మీ మీదే నా కోపం. షిఫ్ట్ మారినప్పుడల్లా నేను కథ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చిందంటే కారణం అదే.

చివరికి ఇంజినీర్‌తో కాల్ పెట్టారు, మా టైమ్‌లో అర్ధరాత్రి. లాప్‌టాప్ ముందు మేలుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. తెల్లారి చూస్తే మెయిల్: "మీ నుంచి స్పందన లేనందున టికెట్ క్లోజ్ చేస్తున్నాం." దాని కింద మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగారు.

ఇది ఎంత పెద్ద విషయమో మీకు తెలియదనుకోను. పాత వెర్షన్‌లోనే ఆగిపోయిన రూల్స్‌లో ఒకటి ఎల్‌శాస్ (విండోస్‌లో లాగిన్‌లు చూసుకునే ప్రోగ్రామ్) మెమరీ నుంచి పాస్‌వర్డ్‌లు లాగడాన్ని పట్టుకునేది, దాడి పద్ధతుల జాబితా అయిన మైటర్ అటాక్‌లో దాని నంబర్ టీ1003.001. అలర్ట్ రాకపోతే దాడి జరగలేదనుకుంటాం, రూల్ సరిగ్గా ఎక్కకపోయినా అలర్ట్ రాదు, రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటన గమనించిన 6 గంటల్లోపు మేం ఆ సంస్థకి రిపోర్ట్ చేయాలి. మీ టూల్ తప్పుడు సక్సెస్ చూపిస్తుంటే మేం గమనించేది ఎలా? రేపు ఏదైనా జరిగితే ఆడిటర్ ముందు నిలబడేది నేను, మీ చాట్ ఏజెంట్ కాదు.

మా ఆఫీసులో మీ ప్రాడక్ట్ వద్దని కొందరన్నప్పుడు, కొనాల్సిందేనని పట్టుబట్టింది నేను. బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ కంపెనీల్లో పనిచేసే స్నేహితులకి కూడా తీసుకోమని చెప్పాను. ఇప్పుడు వాళ్ల ఫోన్ ఎత్తాలంటే మొహమాటంగా ఉంది. మీ అకౌంట్ మేనేజర్ మాత్రం రిన్యువల్ కోసం ఠంచనుగా ఫోన్ చేస్తాడు. టికెట్ సంగతి అడిగితే అది తన డిపార్ట్‌మెంట్ కాదంటాడు.

ఆ టికెట్ మళ్లీ తెరవండి. ఆ టూల్‌ని స్వయంగా వాడిన ఇంజినీర్‌ని మా పగటి వేళలో కూర్చోబెట్టండి. ఏ వెర్షన్ నుంచి ఇలా అవుతోందో రాతపూర్వకంగా చెప్పండి, ఇదే టూల్ వాడే మిగతా కస్టమర్లకి కూడా చెప్పండి, వాళ్లకీ పచ్చ గుర్తే కనపడుతూ ఉండొచ్చు. మా రూల్స్ మా దగ్గరే గిట్‌లో (ఫైళ్ల వెర్షన్లు దాచుకునే చోట), ఏ ఒక్క కంపెనీకీ పరిమితం కాని సిగ్మా ఫార్మాట్‌లో ఉన్నాయి, వేరే ప్రాడక్ట్‌కి కన్వర్ట్ చేసుకోవడం కష్టమే కానీ కుదరని పని కాదు, ఆ పని మొదలుపెట్టాం కూడా. రిన్యువల్ కాగితం నా టేబుల్ మీదే ఉంది, టికెట్ తెరిచేదాకా దాని మీద సంతకం పెట్టను.

ఇట్లు,
సెక్యూరిటీ ఆపరేషన్స్ ఇంజినీర్,
బెళ్లందూరు, బెంగళూరు