అది అబద్ధం కాకపోవచ్చు

సంపాదకుడు గారికి,

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి తన నోట్సు చూసి, "టీచర్, ఇది నేను రాయలేదు" అంది. చేతిరాత తనదే. అబద్ధమాడుతోందని అందరి ముందూ తిట్టాను. ఆ పిల్ల ఏడవలేదు, బదులు చెప్పలేదు. కళ్లు నా వైపే ఉన్నా చూపు నా మీద లేదు. పొగరనుకున్నాను. తన ఇంట్లో ఏళ్ల తరబడి ఆమె ఏం భరిస్తోందో చాలాకాలం తర్వాత తెలిసింది. డిసోసియేషన్, అంటే భరించలేని దాని నుంచి మనసు విడిపోవడం, అనే మాట అప్పటికి నేను విననే లేదు. పిల్లల మధ్య పనిచేసే చాలామందికి ఇప్పటికీ అది కొత్త మాటే. అందుకే ఈ ఉత్తరం.

పారిపోయే దారి, ఎదిరించే బలం రెండూ లేని భయంలో మనసు తనను తానే తప్పించుకుంటుంది. ఒళ్లు అక్కడే ఉంటుంది, జరిగేది మాత్రం ఇంకెవరికో జరుగుతున్నట్టు ఉంటుంది. చిన్నపిల్లకు ఆ క్షణంలో అదే రక్షణ. కానీ ప్రమాదం పోయినా ఆ అలవాటు పోదు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఒక వాసనో, తలుపు దభాలున పడిన చప్పుడో చాలు, మనిషి ఉన్నచోటే ఉండి ఎటో వెళ్లిపోతారు. ఫ్రాన్స్‌కు చెందిన మనస్తత్వవేత్త పియర్ జానే 1889లోనే దీని గురించి పుస్తకం రాశారు. అయినా ఇళ్లలో ఇంకా దీని పేరు 'నాటకం'.

పరధ్యానం అందరికీ ఉంటుంది, అది జబ్బు కాదు. పదేపదే వస్తూ చదువునో ఉద్యోగాన్నో దెబ్బతీస్తుంటే పట్టించుకోవాలి. తనను తాను బయటి నుంచి చూస్తున్నట్టు, లోకమంతా అద్దం వెనక ఉన్నట్టు అనిపిస్తుందని కొందరు చెబుతారు. అది నిజం కాదని వాళ్లకే తెలుసు, అందుకే పిచ్చి అంటారేమోనని దాచుకుంటారు. కొందరికి ఒక సాయంత్రం మొత్తం గుర్తుండదు. తాము కొన్న వస్తువునే ఎక్కడిదని అడుగుతారు. తలలో గొంతులు వినిపిస్తాయంటే స్కిజోఫ్రెనియా అనే వేరే మానసిక జబ్బు అనుకుని ఏళ్లపాటు ఆ మందులే వాడిన వాళ్లూ ఉన్నారు. కొందరికి ఫిట్స్‌లాంటివి వస్తాయి, మెదడు తరంగాలను చూసే ఈఈజీ పరీక్షలో మూర్ఛ జాడ కనిపించదు. అయినా అది నటన కాదు.

మతిమరుపు ఉన్న ప్రతివారికీ ఈ ముద్ర వేయమని నేను అనడం లేదు. మూర్ఛ, తలకు దెబ్బ, మద్యం, నిద్రలేమి వల్ల కూడా ఇలా జరగొచ్చు. ముందు డాక్టర్ అవన్నీ చూడాలి. ఇంకో పొరపాటు నాలాంటి వాళ్లే చేస్తారు. ప్రేమతోనే, "చిన్నప్పుడు నీకేదో జరిగే ఉంటుంది, గుర్తు తెచ్చుకో" అని తవ్వుతారు. అలా పదేపదే అడిగితే జరగనిది కూడా జ్ఞాపకంలా తయారుకావచ్చు. జరిగినదైతే ఆ మనిషి తట్టుకోలేకపోవచ్చు. వాళ్లంతట వాళ్లు చెప్పినప్పుడు వింటే చాలు. ఎదురుగా ఉన్న మనిషి మొద్దుబారిపోతే పట్టుకుని కుదపకండి. పేరు పెట్టి మెల్లగా పిలిచి, ఎక్కడున్నారో, ఈరోజు ఏ వారమో చెప్పండి. పాదాలు నేలకు ఆనించమనండి.

దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు. అనుభవమున్న థెరపిస్టుతో నెమ్మదిగా సాగే మాటల చికిత్సే ముఖ్యం. ముందు రోజువారీ జీవితం, భద్రత కుదుటపడాలి, పాత గాయాల సంగతి ఆ తర్వాతే.

పోలీసులు, కోర్టులు ఆలోచించాల్సిన సంగతి కూడా ఒకటుంది. దాడికి గురైన మనిషి జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పినంత మాత్రాన, మధ్యలో ఒక గంట గుర్తులేదన్నంత మాత్రాన అబద్ధమని తేల్చేయకూడదు.

ఇక పత్రికల సంగతి. డిసోసియేషన్‌లోనే తీవ్రమైన రూపం, ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తిత్వాలు కనిపించే జబ్బు అనగానే సినిమాల్లో హంతకుడే కనిపిస్తాడు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే వైద్య గ్రంథం ప్రకారం, ఈ జబ్బుకు చికిత్స కోసం వచ్చేవారిలో 70 శాతానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు ఆత్మహత్యకు ప్రయత్నించినవారే. ప్రాణాపాయం వాళ్లకే ఎక్కువ. దయచేసి 'రెండు ముఖాల మనిషి' లాంటి శీర్షికలు మానండి. ఆరోగ్యం పేజీలో మానసిక వైద్యులతో దీని మీద వరుసగా రాయించండి. ఆ కాగితాన్ని స్కూళ్ల స్టాఫ్‌రూముల్లో అతికించే పని నాలాంటి రిటైరైన వాళ్లం చేస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు