ఫ్యామిలీ థెరపీ చదవాలంటే ముందు లైసెన్సు లెక్క చూడండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో కౌన్సెలింగ్‌లోనో, ఫ్యామిలీ థెరపీలోనో మాస్టర్స్ చేస్తామనే తెలుగు విద్యార్థులకు కూడా కంప్యూటర్స్ ఎంఎస్‌కు చెప్పే సలహాలే అందుతున్నాయి. ర్యాంకు చూడు, ఫీజు చూడు, ఒక ఎస్‌ఓపీ (ఈ చదువు ఎందుకు కావాలో చెప్పే వ్యాసం) రాసి పది యూనివర్సిటీలకు పంపు అంటారు. ఈ చదువుకు ఆ పద్ధతి పనికిరాదు. డిగ్రీ చేతికొచ్చినంత మాత్రాన సొంతంగా ప్రాక్టీసు చేయనివ్వరు. అక్కడి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి. కాబట్టి ఏ రాష్ట్రంలో ఏ లైసెన్సు కావాలో ముందు తేల్చుకుని, దానికి సరిపోయే ప్రోగ్రాంను వెతకాలి.

లైసెన్సుల్లో ఎల్‌ఎంఎఫ్‌టీ (లైసెన్స్‌డ్ మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్ట్) దంపతులు, కుటుంబాలతో పనిచేసే చికిత్సకులది. ఎల్‌పీసీ, ఎల్‌ఎంహెచ్‌సీ లాంటి పేర్లతో ఉండేవి కౌన్సెలర్లవి. మొదటిదానికి ఫ్యామిలీ థెరపీ ప్రోగ్రాంలను పరిశీలించే సీఓఏఎంఎఫ్‌టీఈ సంస్థ గుర్తింపు, రెండోదానికి కౌన్సెలింగ్ ప్రోగ్రాంలను పరిశీలించే కేక్రెప్ సంస్థ గుర్తింపు ఉన్న ప్రోగ్రాం అయితే దారి సుగమం. గుర్తింపు యూనివర్సిటీకి ఉంటే సరిపోదు, మీరు చేరే ప్రోగ్రాంకు ఉండాలి. పెద్ద పేరున్న యూనివర్సిటీలో కౌన్సెలింగ్ సైకాలజీ అని కనిపించగానే ఫీజు కట్టేయకండి. అది లైసెన్సుకు పనికొచ్చేదో, పరిశోధన వైపు నడిపించేదో అడిగి తెలుసుకోండి. తమ ప్రోగ్రాం ఏ రాష్ట్రాల లైసెన్సు షరతులకు సరిపోతుందో యూనివర్సిటీలు వెబ్‌సైట్‌లో వెల్లడించాలి. 'ప్రొఫెషనల్ లైసెన్షర్ డిస్‌క్లోజర్' అని వెతికితే ఆ పేజీ దొరుకుతుంది. దరఖాస్తు ఫీజు కట్టేముందే దాన్ని చదవాలి.

అసలు చిక్కు లైసెన్సుకు చూపాల్సిన పని గంటలతో వస్తుంది. క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్ డిగ్రీకి కేక్రెప్ ప్రమాణం 60 సెమిస్టర్ క్రెడిట్లు. అందులో 100 గంటల ప్రాక్టికం (ఇంటర్న్‌షిప్‌కు ముందు చేసే తొలి క్లినికల్ శిక్షణ), 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. ఇంటర్న్‌షిప్‌లో కనీసం 240 గంటలు నేరుగా క్లయింట్లతో గడపాలి. డిగ్రీ అయ్యాక సీనియర్ చికిత్సకుల పర్యవేక్షణలో పని మొదలవుతుంది. కాలిఫోర్నియాలో ఎల్‌ఎంఎఫ్‌టీకి మొత్తం 3,000 గంటలు, 104 వారాల పర్యవేక్షణ కావాలి. చదువుకునేటప్పుడు చేసినవి 1,300 గంటల వరకే లెక్కలోకి వస్తాయి, కనీసం 1,700 గంటలు డిగ్రీ తర్వాతే చేయాలి. వారానికి 40 గంటలకు మించి లెక్కకట్టరు.

ఇప్పుడు దీని పక్కన వీసా పెట్టి చూడండి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవారికి చదువయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే తాత్కాలిక అనుమతి, 12 నెలలు. కంప్యూటర్స్ వాళ్లకు దొరికే 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సుల) పొడిగింపు మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపీకి లేదు. 1,700 గంటలను 40తో భాగిస్తే 43 వారాలే కదా అనిపిస్తుంది. కానీ కొత్తగా చేరినవాళ్లకు కేసులు ఒక్కసారిగా రావు, క్లయింట్లు అపాయింట్‌మెంట్లు మానేస్తుంటారు, సెలవులుంటాయి, ఉద్యోగం దొరికేలోపు ఓపీటీ గడియారం నడుస్తూనే ఉంటుంది. ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండటానికి వీల్లేదు. పోనీ చదువులోనే 1,300 గంటలు పూర్తిచేద్దామని ఫుల్‌టైమ్ సీపీటీ (చదువులో భాగంగా క్యాంపస్ బయట పనిచేసే అనుమతి) 12 నెలలు వాడుకుంటే, ఆ డిగ్రీ స్థాయికి ఓపీటీ పూర్తిగా పోతుంది. వారానికి 20 గంటలు, అంతకు తక్కువ సీపీటీకి ఈ బెడద లేదు. ఈ సంగతి అడ్మిషన్ వచ్చాక కాదు, దరఖాస్తు దశలోనే ఇంటర్నేషనల్ ఆఫీసును రాతపూర్వకంగా అడగాలి: ప్రాక్టికం సైట్లు క్యాంపస్ బయట ఉంటాయా, సీపీటీ ఎలా ఇస్తారు, గతంలో ఎఫ్-1 విద్యార్థులు లైసెన్సు దాకా ఎలా వెళ్లారు? జవాబు దాటవేసే ప్రోగ్రాంను జాబితాలోంచి తీసేయడమే మంచిది. ఆన్‌లైన్ ప్రోగ్రాంల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఎఫ్-1 మీద ఫుల్‌టైమ్ లెక్కకు సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సో, మూడు క్రెడిట్లో మాత్రమే చెల్లుతాయి.

ఇవి చూసుకున్నాక ఎస్‌ఓపీ. 'చిన్నప్పటినుంచి అందరి బాధలూ వినేవాణ్ని' అన్న మొదటి వాక్యం ఎంపిక కమిటీలకు అలవాటైపోయింది. సొంత ఇంటి గాయాల్ని రెండు పేజీల నిండా పరిచేవాళ్లూ నష్టపోతారు. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉందనీ, క్లయింటు ముందు కూర్చున్నప్పుడు అదే అడ్డొస్తుందనీ కమిటీ అనుమానిస్తుంది. జరిగినదాన్ని రెండు వాక్యాల్లో చెప్పి, దాన్ని ఎలా ఎదుర్కొన్నారో, ఇప్పుడు ఎక్కడ ఉన్నారో రాస్తే చాలు. మిగతా చోటు కుటుంబాన్ని ఎలా చూస్తారో చెప్పడానికి వాడండి. ఫ్యామిలీ థెరపీకి దరఖాస్తు చేస్తూ మొత్తం వ్యక్తి ఆందోళన గురించే రాస్తే, ఈ శాఖ ఏమిటో తెలియదని తేలిపోతుంది. ఒక పిల్లవాడు బడి మానేస్తే తల్లిదండ్రుల మధ్య, తాతల ఇంట్లో, బడిలో ఏం జరుగుతోందని ప్రశ్నించే చూపు కావాలి. ఫ్యామిలీ థెరపీకి పునాదులు వేసిన బోవెన్, మినూచిన్, సతీర్ పేర్లు వల్లించనక్కర్లేదు, ఒక్కరి ఆలోచననైనా అర్థం చేసుకుని వాడగలగాలి.

సిఫారసు లేఖల్లో ఒకటైనా మీరు మనుషులతో పనిచేయడం కళ్లారా చూసినవారిది కావాలి. హెల్ప్‌లైన్, స్వచ్ఛంద సంస్థ, ప్రత్యేక అవసరాల పిల్లల బడి, ఏదైనా పర్వాలేదు. బంధువులు, మీకు చికిత్స చేసిన థెరపిస్టు రాయకూడదు. ఇంటర్వ్యూలో బృంద చర్చ పెడితే ఎక్కువ మాట్లాడినవారికి మార్కులు పడతాయనుకోవద్దు. పక్కవాళ్లు చెప్పింది విని, దాన్ని అందుకుని మాట్లాడేవారినే గమనిస్తారు.

మూడేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు అది చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి. ఇంజినీరింగ్ వాళ్లను సైకాలజీ, స్టాటిస్టిక్స్ ముందస్తు కోర్సులు అడిగే అవకాశం ఉంది. గడువులు చాలావాటికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపే ముగుస్తాయి. చదివి వెనక్కి రావాలనుకునేవారు ఇంకోటి గుర్తుంచుకోవాలి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా నమోదుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా షరతులు వేరు, ఫ్యామిలీ థెరపీ డిగ్రీతో ఆ నమోదు దానంతటదే రాదు.

మీ పత్రిక విదేశీ విద్య పేజీలో ఈ కోర్సుల గురించి రాసేటప్పుడు ర్యాంకు, ఫీజుల పక్కన ప్రోగ్రాం గుర్తింపు, లైసెన్సు గంటలు, ఓపీటీ గడువు అనే మూడు వివరాలు కూడా తప్పకుండా వేయమని కోరుతున్నాం.

ఇట్లు,
కౌన్సెలింగ్ చదువుల విద్యార్థి సలహాదారులు