ఎందరికి అందిందో కాదు, ఎందరికి నయమైందో చెప్పండి

సంపాదకులకు,

అయ్యా,

అంతర్జాతీయ ఆరోగ్య సేవల్లో సామాజిక వ్యాపార సంస్థల (సేవే లక్ష్యంగా, వ్యాపార పద్ధతిలో నడిచే సంస్థల) పాత్రపై వెలువడిన ఒక పరిశోధన నివేదికను ఆధారం చేసుకుని పది రోజుల కిందట మీరు వేసిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు కుదుటపడక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇన్ని లక్షల మందికి సేవలు అందాయని అందులో అడుగడుగునా ఉంది. వారిలో ఎందరికి జబ్బు నయమైందో, చేతిలో డబ్బు లేక ఎందరు గడప దాకా వచ్చి వెనుదిరిగారో ఒక్క వాక్యంలోనూ లేదు.

ఈ రంగం మీద నాకు చిన్నచూపు లేదు. 1976లో మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి అంటే ఎంతో గౌరవం. అక్కడ ఒక్కో సర్జన్‌కు రెండు బల్లలుంటాయి. ఒక బల్ల మీద శుక్లం తీయడం పూర్తయ్యేసరికి రెండో బల్ల మీద తరువాతి రోగిని నర్సులు సిద్ధం చేసి ఉంచుతారు, సర్జన్ మైక్రోస్కోపును అటు తిప్పుకుని పని సాగిస్తాడు. ఇవ్వగలిగినవారు చెల్లించే రుసుముతో ఇవ్వలేనివారికి ఉచితంగా చూపు వస్తోంది.

అలాంటి సంస్థ పేరు చెప్పి, ఉచితంగా ఇస్తే జనం విలువ ఇవ్వరు కాబట్టి అందరి దగ్గరా ఎంతో కొంత వసూలు చేయాలని మీ వ్యాసకర్త తేల్చేయడం చాలా అన్యాయం. పశ్చిమ కెన్యాలో గర్భిణులు పరీక్షలకు వచ్చే క్లినిక్‌లలో ఆర్థికవేత్తలు జెస్సికా కోహెన్, పాస్కలీన్ డూపా ఈ మాటనే పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఉచితంగా ఇస్తున్న దోమతెరకు 40 షిల్లింగులు, అంటే 60 అమెరికన్ సెంట్లు, ధర పెట్టేసరికి తీసుకునేవారు నూటికి 60 మంది చొప్పున తగ్గిపోయారు. పోనీ, ఉచితంగా తీసుకున్నవారు వాటిని మూలన పడేశారా అంటే, కొనుక్కున్నవారి కంటే వాళ్లు తక్కువగా వాడారనడానికి ఆధారమే దొరకలేదు.

సరైన లెక్క తీయడం అసాధ్యమేమీ కాదు. ఉగాండాలో లివింగ్ గూడ్స్, బ్రాక్ సంస్థల తరఫున ఇంటింటికీ తిరిగి మందులు అమ్ముతూ సలహాలిచ్చే కార్యకర్తల పనిని, 214 గ్రామాలను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టులోనే వాళ్లను తిప్పి మూడేళ్లు పరిశీలించారు. వాళ్లు తిరిగిన గ్రామాల్లో అయిదేళ్లలోపు పిల్లల మరణాలు మిగతా గ్రామాల కంటే 27 శాతం తక్కువగా ఉన్నాయి. లెక్క అంటే అదీ!

నిధులిచ్చే సంస్థే పరిశోధనకూ డబ్బిస్తుంది, నిలదొక్కుకున్న సంస్థల మీదే పుస్తకాలొస్తాయి, మూతపడినవాటి జోలికి వెళ్లేవారు అరుదు. అధికారులు ఆ నివేదికల ముందుమాట చదివి ఒప్పందాలపై సంతకాలు చేస్తారు, పత్రికలు ముఖచిత్రం చూసి శీర్షికలు పెడతాయి. ఒకప్పుడు మీ పత్రికలో ఆరోగ్య వార్త రాసేవారు అంకెను ఒకటికి రెండుసార్లు సరిచూసుకునేవారు.

మీ వ్యాసకర్త ఆ నివేదికను మరోసారి తెరిచి, డబ్బు లేక వెనుదిరిగినవారి సంఖ్య ఏ పేజీలో ఉందో వెతికి అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను. అలాంటి పేజీ లేకపోతే, లేదనే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు