మధ్య సీటులోకి మారిన ఆ పెద్దాయనకు

నిన్న రాత్రి విమానంలో నా పక్కన కూర్చున్న పెద్దాయనకు ఈ నాలుగు మాటలు ఎలాగైనా చేరాలని రాస్తున్నాను. కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా ఇప్పుడు రాయకపోతే రోజువారీ పనుల్లో పడి వాయిదా వేసేస్తానని భయం. అక్కడక్కడా అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి.

ఆరు నెలల పాపతో నేనొక్కదాన్నే, రాత్రంతా ప్రయాణం. అమ్మ, అత్తగారు సామాను సర్దిపెట్టి ఎయిర్‌పోర్టు దాకా వచ్చి దింపారు, దిగగానే మా ఆయన వచ్చి పాపని అందుకున్నారు. వాళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

టికెట్ కొన్నప్పుడే ఫోన్ చేసి బాసినెట్ సీటు, అంటే ఎదురుగా పాపని పడుకోబెట్టే చిన్న తొట్టి బిగించే సీటు, కావాలని అడిగాను. ఇస్తామన్నారు. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్తే, విమానం మారిందట, ఆ సీట్లు వేరేవాళ్ళకి ఇచ్చేశారట. "అది రిక్వెస్టే కదా మేడమ్, గ్యారంటీ కాదు" అన్నారు. గ్యారంటీ కాకపోతే ఫోన్‌లో ఆ ముక్క చెప్పాలి కదా! నాకు దొరికింది మధ్య సీటు. అటు కిటికీ వైపు అబ్బాయి అప్పటికే నిద్రపోతున్నాడు, ఇటు నడవ వైపు ఈయన.

పాపతో, భుజాన రెండు బ్యాగులతో నేను వరస దగ్గరికి వచ్చేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నారు. "పాపతో మాటిమాటికీ లేవాలి, నువ్వు ఇటు కూర్చోమ్మా" అని ఆయనే మధ్య సీటులోకి వెళ్ళిపోయారు. అడ్డంగా, ఎత్తుగా ఉన్న మనిషి, మోకాళ్ళు ముందు సీటుకి తగులుతున్నాయి. బ్యాగు పైన పెట్టేముందు "దారిలో ఏమేం కావాలి?" అని అడిగి, డైపర్లు, తడి వైప్స్, ఒక జత బట్టలు, పాల సీసా తీయించి నా ముందున్న సంచిలో పెట్టించారు. ఆ ఒక్క మాట నాకు తట్టలేదు. బ్యాగు పైన పెట్టేసుంటే రాత్రంతా నిచ్చెనెక్కే పనే.

ఒళ్ళో కూర్చునే పసిపిల్లలకి చిన్న బెల్టు ఇస్తారు. దాన్ని మన బెల్టులోంచి దూర్చి పాప నడుముకి పెట్టాలి. నాకు ఒక చెయ్యే ఖాళీ. ఆయన అడిగి, నేను సరేనన్నాకే, ఆ బెల్టు దూర్చి ఇచ్చారు.

విమానం పైకి లేచాక పాప అందుకుంది ఏడుపు. ముందు వరసలోంచి ఒకాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. కనిపించినవాళ్ళందరికీ సారీ చెప్తూనే ఉన్నాను. అప్పుడు కూడా నాకు కన్నీళ్ళు రాలేదు, బిగబట్టుకునే ఉన్నాను.

నాకు ఏడుపు వచ్చింది భోజనం దగ్గర. ఒళ్ళో పాప ఉంటే ముందున్న బల్ల కిందికి దిగదు. వద్దని చెప్పేశాను. ఆయన మాత్రం నా ట్రే తన బల్ల మీద పెట్టమన్నారు, తనది తర్వాత తెమ్మని సిబ్బందికి చెప్పారు. ఒక్కొక్క మూతా తీసి అంచున పెట్టారు. స్పూన్ కవర్ చింపారు. నీళ్ళ సీసా మూత వదులు చేసి, మళ్ళీ ఒలక్కుండా తేలిగ్గా బిగించి పెట్టారు. ట్రేని నా కుడిచేతి వైపుకి, నాకు అందేటట్టు తిప్పారు. "ముందు నువ్వు తినమ్మా, నాకేం తొందర?" అన్నారు. అంతే, ఏడుపు ఆగలేదు. పాప పుట్టిన దగ్గర్నుంచి నేను తిన్నానా లేదా అని అడిగినవాళ్ళున్నారు, తినాలి అని చెప్పినవాళ్ళున్నారు. నా ఎదురుగా మూతలు తీసి పెట్టినవాళ్ళు లేరు. ఆయన నా ఏడుపు చూడనట్టే, పక్కకి తిరిగి పాపకి తన వేలు అందించారు. అది పట్టుకుని పాప చాలాసేపు ఊరుకుంది. వేడి టీ ట్రే వచ్చినప్పుడు పాప తల మీదుగా అందించనివ్వకుండా, చెయ్యి అడ్డం పెట్టి "వద్దు, వద్దు" అన్నారు. ఆయనకి ఒక్కడికే అది తట్టింది.

ఇక ఆ డైపర్ మార్చే బల్ల సంగతి. మా వైపు టాయిలెట్లలో ఒక్కదాంట్లోనే ఉంది, దాని గొళ్ళెం సరిగా పట్టట్లేదు. మోకాలితో ఆనించి పట్టుకుని మార్చాల్సి వచ్చింది. రెండేళ్ళ లోపు పిల్లలకి టికెట్ రాసేటప్పుడు వయసు, పుట్టిన తేదీ అన్నీ అడుగుతారు. అంటే ఎంతమంది పసివాళ్ళు ఎక్కుతున్నారో ఎయిర్‌లైన్ వాళ్ళకి ముందే తెలుసు. తెలిసీ బల్ల పనిచేస్తోందో లేదో చూసుకోరు! బాసినెట్ వరస ముందు నుంచి వెళ్తూ చూస్తే, ఆ సీట్లలో పిల్లలు లేని పెద్దవాళ్ళు కాళ్ళు చాపుకుని హాయిగా పడుకుని ఉన్నారు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకి ఇచ్చినవాళ్ళది. నాకు కడుపు మండిపోయింది.

అన్నిటికంటే పెద్ద మేలు దిగేముందు చేశారు. అప్పుడే పాప నిద్రలోకి జారుకుంది. హమ్మయ్య అనుకుని నేనూ కళ్ళు మూశాను. ఆయన నెమ్మదిగా "పాపని లేపమ్మా, పాలు పట్టు" అన్నారు. ప్రాణం ఉసూరుమంది. ఆయన విడమరిచి చెప్పారు. విమానం పైకెక్కేటప్పుడు చెవి లోపలి గాలి దానంతట అదే బయటికి వచ్చేస్తుందట. దిగేటప్పుడు మాత్రం బయటి ఒత్తిడి పెరుగుతుంది, గొంతు నుంచి చెవికి వెళ్ళే సన్నటి గొట్టం తెరుచుకుంటే గానీ లోపల ఒత్తిడి సమానం కాదు. పసివాళ్ళకి ఆ గొట్టం ఇంకా సన్నగా ఉంటుంది. మింగినప్పుడు అది తెరుచుకుంటుంది, నిద్రలో పిల్లలు తక్కువ మింగుతారు. అందుకే చాలామంది పిల్లలు దిగేటప్పుడు చెవి నొప్పితో లేచి గుక్కపట్టి ఏడుస్తారు. నేల దగ్గరికి వచ్చాక పాలు పడితే లాభం లేదు, కిందికి దిగడం మొదలవ్వగానే పట్టాలి. లేపాను. సగం నిద్రలోనే తాగుతూ, ఆగుతూ, మళ్ళీ తాగుతూ చక్రాలు నేల తాకేదాకా ఒక్కసారి కూడా ఏడవలేదు. వెనక వరసలో ఇంకో బాబు పాపం ఆపకుండా ఏడుస్తున్నాడు. వాళ్ళమ్మకి ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే అనిపించింది. భద్రత వీడియోలో బెల్టు ఎలా పెట్టుకోవాలో అంత వివరంగా చూపిస్తారు, పిల్లలకి పాలు ఎప్పుడు పట్టాలో ఒక్క మాట చెప్పరు.

దిగాక సామాను అందించి, చొక్కా జేబులోంచి పాప మేజోడు తీసి ఇచ్చారు. ఎక్కేటప్పుడే ఎక్కడో పడిపోయిందట, తీసి జాగ్రత్త చేశారు. అది పోయిన సంగతే నాకు తెలియదు. జనంలో ఆయన ఎటు వెళ్ళారో, పేరు కూడా అడగలేదు. అంకుల్, మీరు చదివితే, మీ మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయా అని అడగాలని ఉంది. మీకు నా నమస్కారం. మా పాప పెద్దయ్యాక మీ గురించి చెప్తాను.

అయ్యో, మర్చిపోయాను. పాల సీసాని వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి, మణికట్టు మీద చుక్క వేసి చూసి తెచ్చిచ్చిన ఎయిర్‌హోస్టెస్ అమ్మాయికి చాలా థాంక్స్. విసుక్కోకుండా మూడోసారి కూడా తెచ్చిచ్చింది. సెక్యూరిటీ దగ్గర, ద్రవాలు నూరు మిల్లీలీటర్లకి మించకూడదన్న నిబంధన పసిపిల్లల పాలకి వర్తించదని తన పక్కనున్న ఆయనకి చెప్పి మమ్మల్ని పంపించిన ఉద్యోగినికి కూడా.

ఇంకా, కిటికీ వైపు అబ్బాయికి. రాత్రంతా నిద్రపోయాడని అనుకున్నాను గానీ, నేను లేచి వెళ్ళినప్పుడల్లా నా సీటు మీది దుప్పటి మడతపెట్టి ఉండేది, అది అతనే అని తర్వాత తెలిసింది. బాబూ, థాంక్స్. ఎయిర్‌పోర్టులో మా పాప స్ట్రోలర్ బండి విప్పి ఇచ్చిన క్లీనింగ్ అక్కకి కూడా. ఇంకెవరినైనా వదిలేస్తే ఏమనుకోకండి, నిద్రమత్తులో ఉన్నాను.