స్త్రీల సమాజం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ ప్రభువు నామమున వందనాలు.

ఈ ఏడాది నెలవారీ ప్రార్థన కూడికలు, మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థనా దినం, కోత పండుగ ఎప్పటిలాగే జరిగాయి. ఇళ్లలో వంటకు ముందు తీసిపెట్టే గుప్పెడు బియ్యం పంపకం ఒక్క నెల కూడా ఆగలేదు. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. మిగిలిన నివేదికంతా ఈ ఏడాది ప్రభువునందు నిద్రించిన మన దొడ్డమ్మగారి గురించే ఉండాలని కార్యవర్గం నిర్ణయించింది.

ఆమె ఎన్నడూ ఏ పదవీ తీసుకోలేదు. అందువల్ల పాత మినిట్సు పుస్తకాల్లో హాజరు పట్టీలో తప్ప ఆమె పేరు కనిపించదు. ఆ లోటు ఇక్కడైనా తీరాలి. ప్రభువు బల్ల మీద పరిచే లేసు గుడ్డ ఆమె అల్లిందే. ద్రాక్షగుత్తుల అంచు, నాలుగు మూలలా శిలువలు. ఈస్టరు ముందు శనివారం దాన్ని కుంకుడు రసంతో ఉతికి, పలచగా గంజి పెట్టి, తడి ఆరకముందే అంచు సాగదీసి గుండుసూదులు గుచ్చి నీడలో ఆరబెట్టేవారు. ఆ పని మరొకరికి అప్పగించేవారు కాదు. క్రిస్మస్ నాటికలో జ్ఞానుల కిరీటాలు పాత పెళ్లి పత్రికల అట్టలతో, కాపరుల తలపాగాలు పాత లుంగీలతో ఆమె చేతిలోనే తయారయ్యేవి.

1844లో మిషనరీ దంపతులు నేర్పారని చెప్పుకొనే ఈ అల్లిక మన నరసాపురం ప్రాంతంలో తల్లుల నుంచి కూతుళ్లకు వచ్చింది. దొడ్డమ్మగారు మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని అల్లి, అల్లిన లేసు తీసుకునే ఏజెంటు ఇచ్చిన కూలితో పిల్లల ఫీజులు కట్టారు. మంచం పట్టిన అత్తగారికి చివరి వరకు సేవ చేశారు. లేసు పనిని ఆడవాళ్ల తీరిక వేళ కాలక్షేపం అనడం అన్యాయం. ఆమె తీరిగ్గా ఉండగా మేమెవరం చూడలేదు. 2024లో నరసాపురం లేసుకు, ఇది ఈ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిన వార్త చదివి వినిపిస్తే, “సంతోషమే అమ్మా, మరి కూలి పెరుగుతుందా?” అని అడిగారు. మా దగ్గర జవాబు లేకపోయింది.

ఆమె కుమార్తెలు అల్లిక నమూనాలన్నీ సమాజానికి ఇచ్చారు. వాటితో శనివారం మధ్యాహ్నాలు సంఘం హాలులో ఆడపిల్లలకు లేసు తరగతి మొదలైంది. దారం, సూదులు సమాజమే ఇస్తుంది. అమ్మకానికి అల్లినప్పుడు కూలి విషయం ఏజెంట్లతో సమాజం తరఫున మాట్లాడాలని తీర్మానించాం. పిల్లలను పంపదలచినవారు కార్యదర్శికి పేర్లు ఇవ్వగలరు.

కార్యదర్శి,
స్త్రీల సమాజం