ఖాళీ కాగితం

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

చిన్నీ,

నిన్న ఫోన్లో "కౌన్సెలింగ్ మానేశాను నాన్నా, నా వల్ల కాదు" అన్నావు. నేను నోరు తెరిచేలోపే ఫోన్ అమ్మకి ఇమ్మన్నావు. మీరిద్దరూ మాడుగుల హల్వా గురించి మాట్లాడుకున్నారు. మళ్లీ ఫోన్ చేస్తే "సరే నాన్నా" అని పెట్టేస్తావని తెలుసు. అందుకే కాగితం తీశాను.

హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు ఎనిమిదో తరగతి. 2014 అక్టోబర్ 12, ఆదివారం. మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది, గుర్తుందా? తుపాను కన్ను మన మీదుగా పోతోందని తెలియక, అయిపోయిందనుకుని స్కూటర్ ఎలా ఉందో చూడ్డానికి కిందకి దిగాను. కాసేపటికి గాలి ఇంకో వైపు నుంచి కొట్టింది. మెట్ల దగ్గర గ్రిల్ పట్టుకుని ఎంతసేపు కూచున్నానో నాకే తెలీదు. తర్వాత కరెంటొచ్చింది, నీళ్లొచ్చాయి, ఊరు మళ్లీ ఊరైంది. నాకు మాత్రం నిద్ర పోయింది. కిటికీ రెక్క కొట్టుకుంటే చాలు, లేచి కూచునేవాణ్ని.

ఆ మరుసటి ఏడు ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. ఇది అమ్మకి కూడా తెలీదు. శనివారం రైతుబజారుకని చెప్పి అక్కడికి పోయేవాణ్ని, వచ్చేటప్పుడు ఏదో ఒకటి కొనేవాణ్ని. ఆలస్యంగా వెళ్తే వాడిపోయిన తోటకూరే కదా దొరికేది, అమ్మ తిట్లు వేరే. ఎందుకు దాచానంటావా? ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "వాల్తేరు మెంటల్ ఆసుపత్రికి పంపాలి" అని నవ్వుకునే ఊళ్లో పెరిగినవాణ్ని. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

మూడో సిట్టింగ్‌లో ఆవిడ గళ్లు గీసిన కాగితం ఒకటి ఇచ్చారు. భయం వేసినప్పుడు ఏమనుకున్నారు, పదికి ఎంత భయం, తర్వాత నిజంగా ఏం జరిగింది, రాసుకురమ్మన్నారు. ముప్పై ఏళ్లు లెడ్జర్లు నింపిన మనిషిని, అందులో ఒక్క గడీ నింపలేకపోయాను. శనివారం వచ్చింది. హోంవర్క్ చెయ్యని కుర్రాడిలా సిగ్గేసి వెళ్లలేదు. ఆవిడ ఫోన్ చేశారు, ఎత్తలేదు. "ఇవన్నీ మనలాంటివాళ్లకి కాదు" అని తీర్పు చెప్పేసుకున్నాను. వైద్యం పనిచెయ్యక మానలేదు చిన్నీ. నేనే దానికి పనికిరానని మానేశాను.

నీ "నా వల్ల కాదు" వినగానే ఆ శనివారం గుర్తొచ్చింది.

రిటైరయ్యాక తీరిక దొరికి ఇలా మధ్యలో మానేయడం గురించి చదివాను. అకౌంట్స్ బుద్ధి కదా, ముందు అంకెలు వెతికాను. 2012లో స్విఫ్ట్, గ్రీన్‌బెర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి మానసిక చికిత్స మీద వచ్చిన 669 అధ్యయనాలు కలిపి చూశారు, మొత్తం 83 వేల మందికి పైనే. సుమారు అయిదుగురిలో ఒకరు మధ్యలో మానేశారట. చిన్న వయసువాళ్లు ఇంకా ఎక్కువట. 1993లో వచ్చిన పాత లెక్కలో అయితే దాదాపు సగం మంది. 'మానేయడం' అని దేన్ని అంటారన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది, అది వేరే గొడవ. నాకు కావాల్సింది ఒకటే: ఆ రోజు వెళ్లనిది నేనొక్కణ్నే కాదు.

ఇంకో లెక్క. 1986లో హోవర్డ్ అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్లు చూస్తే, ఎనిమిది సిట్టింగ్‌లకి సుమారు సగం మందిలో మెరుగు కనిపించింది. నువ్వు ఎన్నింటికి ఆగావు? నాలుగా? నేను మూడు.

బండూరా అనే సైకాలజిస్టు 1977లో రాసిన మాట నాకు బాగా నచ్చింది. 'నేను ఈ పని చెయ్యగలను' అన్న నమ్మకం అన్నిటికన్నా గట్టిగా వచ్చేది, ఆ పని చేసి చూసినప్పుడే. ఎదుటివాళ్లు చెయ్యడం చూసినా వస్తుంది, నచ్చజెపితే కాస్త వస్తుంది, గుండె దడ తగ్గినా వస్తుంది, కానీ అవన్నీ దాని తర్వాతే. మనం తిరగేసి పట్టుకున్నాం. నమ్మకం వచ్చాక వెళ్దామనుకున్నాం.

ఏడాది పోయాక నేను ఇంకొకరి దగ్గరికి వెళ్లాను. కూచోగానే "నేను మధ్యలో పారిపోయే రకం మేడమ్" అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఎందుకు పారిపోయానో అడిగారు. కాగితం సంగతి చెప్పాను. "అయితే రాయొద్దు, చెప్పండి, నేను రాస్తాను" అన్నారు. ఇంత చిన్న మాటకి ఏడాది పోగొట్టుకున్నాను! తర్వాత ఆవిడ ఇచ్చిన పని, గాలి వేసిన సాయంత్రం బాల్కనీలో రెండు నిమిషాలు నిలబడటం. మొదటి రోజు ఒక నిమిషానికే లోపలికొచ్చేశాను. అదీ చెప్పాను. నిన్న నేను బాల్కనీలో కూచునే నీ మాట విన్నాను, బయట గాలి బాగానే ఉంది.

మానేయాలనిపిస్తే మానెయ్యి, నేనేమీ అనను. మీ కౌన్సెలర్ మేడమ్‌తో పొసగకపోతే ఇంకొకరిని చూసుకో. లేదా కాస్త తేలికపడి, ఇక అక్కర్లేదనిపించిందేమో, అదీ మంచిదే. ఎటొచ్చీ నేను కిందకి దిగింది కూడా గాలి ఆగినప్పుడే కదా. ఏదైనా సరే, వెళ్లకుండా ఊరుకోకు. ఒక్కసారి వెళ్లి "నా వల్ల కావట్లేదు" అని నాకు చెప్పినట్టే ఆవిడకీ చెప్పు. ఇంకా ఎన్ని సిట్టింగ్‌లు పట్టొచ్చో కూడా అడుగు. నేను అడగలేదు.

రాత్రిపూట మరీ కష్టంగా ఉంటే 14416కి ఫోన్ చెయ్యి, టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. తెలుగులోనూ మాట్లాడతారు. నాకైతే ఏ వేళైనా చెయ్యి, ఎలాగూ తొందరగా లేస్తాను.

ఆ గళ్ల కాగితం పాత డైరీలో దొరికింది. దీంతోపాటే పెడుతున్నాను, ఇంకా ఖాళీగానే ఉంది. హల్వా పార్సిల్లో పెట్టి పంపుతున్నాను. అమ్మ మూత తీసి చూస్తే తోటకూర సంగతి బయటపడుతుంది, చూద్దాం.

నాన్న