బోర్డు మీద నేను రాసిన మాట తుడిచేశాను

మన పుస్తకాల కొట్టుకి వచ్చేవాళ్ళందరికీ నమస్కారం.

పోయిన నెల కౌంటర్ పక్కన బోర్డు మీద "కొరియన్ డ్రామాలు చూసేవాళ్ళు వదలకూడని నవల" అని చాక్‌పీసుతో రాసింది నేనే. డ్రామాలంటే అక్కడి టీవీ సీరియళ్ళు. అప్పటికి నేనా పుస్తకం చదవలేదు. వెనక అట్ట మాత్రం చదివాను. సియోల్, వాన, గొడుగు, డబ్బున్న అబ్బాయి అని ఉంది. పడిపోయాను. 40 కాపీలు తెప్పిస్తే 29 అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళలో ఎక్కువమంది ఇంటర్, డిగ్రీ పిల్లలే. ఒక్కోటి 399 రూపాయలు, అదీ ఇంట్లో బతిమాలి తెచ్చుకున్న డబ్బు.

తర్వాత ఒక్కొక్కరే వచ్చి "బాగానే ఉంది ఆంటీ" అనడం మొదలుపెట్టారు. ఆ "బాగానే"లోనే సంగతి తెలిసిపోయింది. రెండు రాత్రులు కూర్చుని మొత్తం చదివాను. బాగాలేదు.

చదవనివాళ్ళ కోసం కథ చెప్తాను. అమెరికాలో పెరిగిన కొరియన్ అమ్మాయి సియోల్‌లో హైస్కూల్ ఆఖరి ఏడాదిలో చేరుతుంది. క్లాసులో ఒక చేబోల్ వారసుడు, అంటే పెద్ద వ్యాపార కుటుంబం పిల్లాడు ఉంటాడు. మొదటి అధ్యాయంలో ఒకరినొకరు గుద్దుకుంటారు, మూడో అధ్యాయంలో ఒకే గొడుగు, ఐదులో ప్రేమికులు జంటగా తాళాలు వేసే నమ్‌సాన్ టవర్ దగ్గర ప్రేమ తాళం, ముద్దు. ఆ తర్వాత ఇంకా 200 పేజీలున్నాయి. వాటిని నింపడానికి లారీ ఒకటి వచ్చి అబ్బాయిని గుద్దుతుంది, వాడు అమ్మాయిని మర్చిపోతాడు.

లారీ వచ్చిందని నా కోపం కాదు. 2002లో వచ్చిన 'వింటర్ సొనాటా' అనే డ్రామాలోనూ యాక్సిడెంట్ ఉంది, జ్ఞాపకం పోవడం ఉంది. కానీ అక్కడ చనిపోయాడనుకున్నవాడు పదేళ్ళ తర్వాత వేరే పేరుతో ఎదురుపడతాడు, వాణ్ణి ప్రేమించిన పిల్లకి పిచ్చెక్కినంత పనవుతుంది. ఈ నవలలో జ్ఞాపకం పదకొండు పేజీల్లో తిరిగొచ్చేసింది. మా ఇంట్లో కరెంటు పోయినా అంతకన్నా ఆలస్యంగా వస్తుంది.

నాకు ఈ డ్రామాల పిచ్చి పట్టింది 2020 లాక్‌డౌన్‌లో, 'క్రాష్ లాండింగ్ ఆన్ యు'తో. పారాగ్లైడింగ్ చేస్తున్న దక్షిణ కొరియా అమ్మాయి గాలికి కొట్టుకుపోయి ఉత్తర కొరియాలో పడుతుంది, అక్కడి మిలిటరీ అధికారి ఆమెని దాచిపెడతాడు. 16 ఎపిసోడ్లు. వాళ్ళ మధ్య ఉన్నది దేశాల సరిహద్దు, అందుకే చిన్న మాట కూడా గుండెకి తగులుతుంది. ఈ నవలలో అడ్డేమిటంటే అబ్బాయి వాళ్ళమ్మ డబ్బు కవరు ఇచ్చి వెళ్ళిపొమ్మనడం. ఆవిడ కూడా రెండు పేజీల్లో మెత్తబడిపోతుంది! మా చిన్నప్పుడు వారపత్రికలో సీరియల్ కింద "సశేషం" అని చూసి వారమంతా గింజుకునేవాళ్ళం. ఆ గింజుకోవడమే డ్రామాల్లో దొరికింది నాకు. ఈ పుస్తకంలో అదే లేదు.

అసలు చిరాకు ఇంకోచోట. ఆ అమ్మాయిది హైస్కూల్ ఆఖరి ఏడాది కదా, పరీక్ష ఊసే లేదు. కొరియాలో నవంబరులో ఒక గురువారం సునుంగ్ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష జరుగుతుంది. ఆ రోజు పిల్లలు ట్రాఫిక్‌లో చిక్కుకోకూడదని ఆఫీసులు ఆలస్యంగా తెరుస్తారు, ఆలస్యమైనవాళ్ళని పోలీసులే బండి మీద దింపుతారు, ఇంగ్లీషు లిజనింగ్ జరిగే అరగంటా విమానాలు లేవవు, దిగవు. సియోల్‌లో ట్యూషన్ సెంటర్లు రాత్రి 10కి మూసేయాలని రూల్ పెట్టాల్సి వచ్చిందంటే చూడండి. అలాంటి ఊళ్ళో అదే నవంబరులో ఈ ఇద్దరూ వారంపాటు సముద్రం ఒడ్డున తిరుగుతారు. ఎంసెట్‌కి చదివిన ఏ పిల్లైనా ఇది నమ్ముతుందా?

ఇక పిలుపులు. అమ్మాయి ఆ అబ్బాయిని మాటిమాటికీ "ఒప్పా" అంటుంది. వాడు ఆమె క్లాసువాడే, పైగా ఆమెకన్నా రెండు నెలలు చిన్న, రచయితే రాశారు. ఒప్పా అంటే అమ్మాయి తనకన్నా పెద్దవాణ్ణి పిలిచే మాట. సొంత అన్నకీ అదే, మనసిచ్చినవాడికీ అదే. (ఇది విని మా అత్తగారు "హవ్వ" అన్నారు. మనకి బావ ఉన్నాడు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.) వరస తెలియకుండా వాడితే మన చెవికి ఎలా ఉంటుందో వాళ్ళకీ అలాగే ఉంటుంది. కొరియన్‌లోనూ మనలాగే మీరు, నువ్వు తేడా ఉంది. సబ్‌టైటిల్స్‌లో అది పోతుంది గానీ, మాట చివర మర్యాదగా పలికే "యో" పడిపోయినప్పుడు నేనూ మా అమ్మాయీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. మీరు నుంచి నువ్వుకి రావడానికే కొన్ని డ్రామాలు సగం కథ తీసుకుంటాయి. మరి ఈ నవల రాసినవాళ్ళు ఇవన్నీ చూశారో, పాటలు మాత్రం చూశారో.

సరే, లెక్క విషయానికొస్తాను. పుస్తకాలు పంపినవాళ్ళు ఈ కాపీలు వెనక్కి తీసుకోరు, ముందే చెప్పారు. అది నా నష్టం. నా మాట నమ్మి కొన్నవాళ్ళు ఈ నెలాఖరులోపు పుస్తకం తెచ్చి, 399 లోపు ధర ఉన్న ఇంకేదైనా తీసుకెళ్ళండి. ఎక్కువ ధరదైతే తేడా ఇవ్వండి చాలు. పేజీలు మడిచినా, పేరు రాసుకున్నా ఫర్వాలేదు, బిల్లు అక్కర్లేదు. డబ్బు తిరిగివ్వడం మాత్రం ఇప్పుడు నా వల్ల కాదు, అద్దె కట్టాలి. ఇద్దరమ్మాయిలు తమకి నచ్చిందని, వెనక్కి ఇచ్చేది లేదని చెప్పారు. సంతోషం, ఉంచుకోండమ్మా.

మిగిలిన 11 కాపీలు అడుగు అరలో సగం ధరకి పెట్టాను, "ఆంటీకి నచ్చలేదు" అని చీటీ అంటించి. నిన్న ఆ చీటీ చూసే ఒకమ్మాయి ఒకటి కొనుక్కుపోయింది.